తెల్లోడూ నల్లోడూ ఫ్రెండ్స్ అయ్యే సినిమా ఎట్లా చూడాల: మా మిద్దె మీద నేర్చుకున్న పద్ధతి

మాది తిరుపతి, బైరాగిపట్టెడ. రెండేళ్లుగా శనివారం రాత్రిళ్లు మా మిద్దె మీద సినిమా వేస్తా ఉండాం, పెద్ద సెటప్ ఏం కాదబ్బా, ఒక సెకండ్ హ్యాండ్ ప్రొజెక్టరు, మా అమ్మ పాత తెల్ల దుప్పటి, మూడు చాపలు, అంతే. ఎనిమిది మంది వస్తారు, మబ్బు పడితే నలుగురు. ఒక వారం గ్రీన్ బుక్ వేసినాం. 1962లో న్యూయార్క్ నుంచి అమెరికా దక్షిణాదికి కచేరీలు చేయను పోయే నల్లజాతి పియానో విద్వాంసుడు డాన్ షర్లీ, ఆయనకి కారు తోలే ఇటాలియన్ వంశం తెల్లాయన టోనీ, మొదట్లో ఇద్దరికీ అస్సలు పడదు, చివరికి క్రిస్మస్ రాత్రి టోనీ ఇంట్లో కలుస్తారు. అయిపోయినాక అందరి కళ్లూ తడి, చప్పట్లు కూడా కొట్టినాం. అప్పుడు పలమనేరు తట్టు నుంచి వచ్చి ఇక్కడ యూనివర్సిటీలో చదువుకునే పిల్లోడొకడు, ఎప్పుడూ నోరు తెరవనోడు, "అన్నా, ఆ పియానో ఆయనకి ఇంట్లోవాళ్లు ఎవురూ లేరా" అని అడిగినాడు.

టోనీకి పెళ్లాం ఉంది, పిల్లోళ్లు ఉండారు, మామ ఉండాడు, బావమరుదులు ఉండారు, వంటగది నిండా జనమే. షర్లీకేమో ఎవురూ లేరు, ఒక తోబుట్టువు ఉన్నాడు గానీ మాటల్లేవు అన్నట్టు ఒక డైలాగు, అంతే. ఆ రాత్రి కింద కూచుని ఫోన్లో వెతికితే తెలిసింది ఏందంటే, సినిమా వచ్చినాక షర్లీ కుటుంబం వాళ్లు బయటికొచ్చి, ఆయన మాతో బాగానే ఉన్నాడు, టోనీ ఆయనకి ఫ్రెండు కాదు జీతానికి పెట్టుకున్న మనిషి, సినిమా తీసేటప్పుడు మమ్మల్ని ఎవురూ ఒక మాట అడగలేదు అని చెప్పినారంట. స్క్రిప్టు రాసినవాళ్లలో ఒకాయన టోనీ కొడుకు. షర్లీగారే నాకు సరేనన్నారు, వేరేవాళ్లని అడగొద్దన్నారు అని ఆ కొడుకు అంటాడు. ఇద్దరు పెద్దమనుషులూ 2013లోనే కొన్ని నెలల తేడాలో పోయినారు, సినిమా వచ్చింది 2018లో, 2019 ఆస్కార్లలో బెస్ట్ పిక్చర్ కొట్టింది. ఎవురు చెప్పేది నిజమో తిరుపతిలో కూచుని నేను తీర్పు చెప్పలేను గానీ, కథ చెప్పేదానికి ఒక ఇంటి మనిషి ఉన్నాడు, ఇంకో ఇంటి మనిషి లేడు, ఇది మాత్రం కళ్లకి కనిపిస్తా ఉండాది.

అప్పట్నుంచి ఈ రకం సినిమాలకి మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. దాన్నే ఇక్కడ రాస్తా ఉండా. సినిమా స్టడీస్ చదివినోడిని కాదు, ఒక కొట్లో లెక్కలు రాసేవాడిని, అందుకే నా పద్ధతి కూడా లెక్కల పుస్తకం మాదిరే ఉంటుంది, ఏమనుకోవద్దు.

ముందు ఏం రెడీ చేసుకోవాల

ఒక నోట్ బుక్కు, పేజీ మధ్యలో నిలువుగా ఒక గీత. ఎడమ పక్క ఒక స్నేహితుడి పేరు, కుడి పక్క ఇంకొకరి పేరు. పైన హెడ్డింగు "ఖర్చు". ఫోన్లో స్టాప్‌వాచ్ ఉంటే చాలు, ఇంకేం వద్దు.

తెలుగు డబ్బింగ్ ఉన్నా ఆపేయండి, ఇంగ్లీషు ఆడియో పెట్టి సబ్‌టైటిల్స్ వేసుకోండి. డబ్బింగ్ బాగుండదని కాదు, మనోళ్ల గొంతులు కొన్నిసార్లు ఒరిజినల్ కంటే బాగుంటాయి. కానీ అక్కడ నల్లజాతి వాళ్లని తిట్టే ఒక మాట ఉంది చూడండి, దాని వెనకాల బానిసత్వం, కొరడాలు, చెట్లకి ఉరేసి చంపడాలు, అంతా ఉంది, అది డబ్బింగులో "వెధవ" అయిపోతుంది, లేకపోతే "రేయ్ నల్లోడా" అయిపోతుంది. వెధవ అని మా నాయన నన్ను రోజూ అంటాడు, దాంతో ఏం నొప్పి తెలుస్తుంది చెప్పండి.

మొదటి తూరి మాత్రం పుస్తకం మూసేసి ఊరికే సినిమా చూడండి. నవ్వొస్తే నవ్వండి, ఏడుపొస్తే ఏడవండి. మా గుంపులో ఒకడు ఉండాడు, సీను సీనుకీ పాజ్ కొట్టి ఇక్కడ డైరెక్టర్ ఏం చెప్తా ఉండాడంటే అని మొదలుపెడతాడు, వాడికి ఇప్పుడు రిమోట్ ఇవ్వం. మొదటి తూరి మనకి యాడ ఏడుపొచ్చిందో అది గుర్తుంచుకుంటే చాలు, ఎందుకంటే రెండో తూరి సరిగ్గా అక్కడే వెనక్కొచ్చి ఈ ఏడుపు ఎవురి కోసం అని చూసుకోవాల.

నువ్వా, మీరా

రెండో తూరి చూసేటప్పుడు చేసే మొదటి పని ఇది, తెలుగోళ్లకి ఇది చానా తేలిక. ఇంగ్లీషులో చిన్నోడికైనా పెద్దోడికైనా "యూ" ఒకటే కదా, మనకట్లా కాదు, నువ్వు ఉంది, మీరు ఉంది, ఒరే ఉంది, ఏమయ్యా ఉంది, గారు ఉంది. సబ్‌టైటిల్ చదివేటప్పుడు ప్రతి లైనునీ మనసులో తెలుగులోకి మార్చుకోండి, ఈయన ఆయన్ని మన ఊర్లో అయితే ఏమని పిలుస్తాడు అని. ఎవురు ఎవురి కంటే కిందున్నారో పది నిమిషాల్లో తేలిపోతుంది.

అమెరికా దక్షిణాదిలో అప్పట్లో తెల్లోళ్లు నల్లజాతి వాళ్లని మిస్టర్ అని గానీ మిసెస్ అని గానీ అనేవాళ్లు కాదు. ముసలాయనని కూడా "బాయ్" అనేది, లేకపోతే ఉత్త పేరుతో పిలిచేది. ఇది మనకి ఎవురూ విడమర్చి చెప్పక్కర్లేదు, పల్లెల్లో పదేళ్ల పిల్లోడు అరవయ్యేళ్ల పాలేరుని ఒరే అని పిలవడం చూసినోళ్లు ఇంకా బతికే ఉండారు, వాళ్లలో నేనొకణ్ణి.

1967లో వచ్చిన ఇన్ ద హీట్ ఆఫ్ ద నైట్ తీసుకోండి. నల్లజాతి నటుడు సిడ్నీ పాయిటియర్ ఇందులో ఫిలడెల్ఫియాలో పెద్ద డిటెక్టివ్, పేరు వర్జిల్ టిబ్స్, దక్షిణాదిలోని మిసిసిపీలో రైలు కోసం రాత్రిపూట స్టేషన్లో కూచుని ఉంటే హత్య చేసినాడని పట్టుకపోతారు, ఎందుకంటే నల్లాయన, జేబులో డబ్బులుండాయి, అంతకంటే సాక్ష్యం ఏం కావాల. ఆ ఊరి పోలీసు చీఫ్ ఆయన పేరుని ఎగతాళి చేసి, మీ ఊర్లో నిన్ను ఏమని పిలుస్తారబ్బా అంటే, మిస్టర్ అంటారు అని చెప్తాడు. దీన్ని తెలుగులో చెప్పాలంటే "టిబ్స్ గారు అంటారు" అనాల, అప్పుడు గానీ అది ఎంత గట్టి దెబ్బో అర్థం కాదు. అదే సినిమాలో పత్తి తోటల ఆసామి చెంప మీద కొడితే టిబ్స్ వెంటనే తిరిగి కొడతాడు. 1967లో తెర మీద ఒక నల్లజాతి ఆయన తెల్ల ఆసామిని కొట్టడం అంటే మామూలు మాట కాదు. కథ జరిగేది మిసిసిపీలో అయినా షూటింగ్ ఎక్కువ భాగం చేసింది ఉత్తరాన ఇల్లినాయిలో, ఎందుకంటే దక్షిణాదికి పోయేదానికి పాయిటియర్‌కి ఇష్టం లేదు, అక్కడ నిజంగానే ప్రాణాపాయం. సినిమాలో దెబ్బకి దెబ్బ కొట్టిన మనిషే షూటింగ్‌కి ఆ ఊర్లకి పోలేని పరిస్థితి, దీన్ని పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసుకున్నాం.

ఖర్చు కాలమ్ ఎట్లా నింపాల

అసలు విషయం ఇదే. స్నేహం ఊరికే రాదు, దానికి ఎవురో ఒకరు కట్టాల, తన్నులు తినడం, అవమానం మింగడం, ఉద్యోగం పోగొట్టుకోవడం, మౌనంగా ఉండటం, క్షమించడం, ఇవన్నీ ఖర్చే. క్షమించడం కూడానా అని మా వోడొకడు అడిగినాడు, అవును, అదే అన్నిటికంటే పెద్ద ఖర్చు, దాన్ని మాత్రం మర్చిపోకుండా రాయండి.

ఇందాకటి సినిమాకి మేం రాసిన పేజీ చెప్తా. టిబ్స్ పక్క: అరెస్టు, ఎగతాళి, చెంపదెబ్బ, కార్లేసుకుని తరిమి చంపబోయిన కుర్రోళ్లు, అయినా సరే అక్కడే ఉండి వాళ్ల కేసు వాళ్లకి ఛేదించి పెట్టడం. చీఫ్ పక్క: చివర్లో రైల్వే స్టేషన్లో టిబ్స్ పెట్టె మోయడం. అంతే, ఒక పెట్టె. ఆ పెట్టె సీను నాకు చానా ఇష్టం, ఇప్పటికీ ఇష్టమే, ఆ చీఫ్ వేసిన రాడ్ స్టైగర్ మొహంలో సిగ్గు, మర్యాద రెండూ కలిసిపోయి ఉంటాయి, ఆయనకి ఆస్కార్ ఊరికే రాలేదు. కానీ లెక్క లెక్కే కదా.

దీనికంటే ముందు 1958లో ద డిఫయంట్ ఒన్స్ అని ఒకటొచ్చింది. ఇద్దరు ఖైదీలు, ఒకరు తెల్ల ఒకరు నల్ల, ఒకే గొలుసుకి కట్టేసి ఉంటారు, పారిపోతారు, తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, మెల్లగా దగ్గరవుతారు. చివర్లో గొలుసు తెగిపోయింది, పాయిటియర్ కదిలే రైలు ఎక్కేసినాడు, స్వేచ్ఛ చేతికి చిక్కింది, తెల్లాయన వెనకాల పరిగెత్తి అందుకోలేకపోతే ఈయన రైలు దిగేస్తాడు, ఫ్రెండు కోసం. మళ్లీ జైలే. రచయిత జేమ్స్ బాల్డ్విన్ దీని గురించి 1976లో రాసినాడు, తెల్ల ప్రేక్షకులున్న హాల్లో ఆ దూకుడు చూసి జనం హాయిగా చప్పట్లు కొట్టినారంట, న్యూయార్క్ హార్లెంలో నల్లజాతి వాళ్ల హాల్లో మాత్రం మళ్లీ రైలెక్కరా పిచ్చోడా అని అరిచినారంట. మా మిద్దె మీద ఇది చెప్తే అందరూ నవ్వినారు, ఎందుకంటే మనకి తెలుసు కదా, నేల క్లాసులో ఈల పడే చోటు వేరు, బాల్కనీలో కర్చీఫ్ తీసే చోటు వేరు. కాబట్టి మొదటి తూరి చూసినప్పుడు మీకు ఏడుపొచ్చిన సీను దగ్గర ఒక ప్రశ్న వేసుకోండి, ఈ సీనుకి ఇంకో హాల్లో ఏమని అరిచుంటారు?

తెల్ల పాత్ర పక్కన కూడా నిజాయితీగా రాయాల, అది మర్చిపోవద్దు. కొన్ని సినిమాల్లో వాళ్లూ నిజంగానే కడతారు. పేజీ ఒక పక్క ఖాళీగా ఉండాల్సిందే అని ముందే డిసైడ్ అయిపోయి చూస్తే, ఇక సినిమా ఎందుకు చూడటం, పేజీ మీద గీత గీసుకుని పడుకోవచ్చు.

రెండు వంటగదులు గీయమనండి

ఇది మా అక్క కనిపెట్టిన ఆట. సినిమా అయినాక అందరికీ తలా ఒక కాగితం ఇచ్చి, ఇద్దరు స్నేహితుల ఇళ్లల్లో వంటగది ఎట్లుందో బొమ్మ గీయమంటుంది. డ్రైవింగ్ మిస్ డెయిజీకి ఈ ఆట ఆడినాం. అట్లాంటాలో 1948 నుంచి పాతికేళ్ల పాటు నడిచే కథ, ధనవంతురాలైన యూదు ముసలావిడ డెయిజీ, ఆమె నల్లజాతి డ్రైవరు హోక్. డెయిజీ ఇంట్లో పొయ్యి యాడుందో, గిన్నెలు యాడుండాయో, మేడ మెట్లు యాడుండాయో అందరూ గీసేసినారు. హోక్ ఇంటి వంటగది కాగితం మాత్రం ఎనిమిది మందిదీ తెల్లగా ఉండిపోయింది. ఆయనకి పెళ్లాం ఎట్లాంటిది, పిల్లోళ్లు ఏం చదువుతా ఉండారు, రాత్రి ఇంటికి పోయి డెయిజీ గురించి ఏమని చెప్పుకుంటాడు, ఏమీ తెలీదు. చివర్లో ఆమె, నువ్వే నా బెస్ట్ ఫ్రెండువి అంటుంది, మొదటి తూరి అందరం కరిగిపోయినాం. నువ్వా మీరా పరీక్ష దీనికీ పెట్టండి: ఆమె మొదట్నుంచీ "హోక్", ఆయన చివరిదాకా "మిస్ డెయిజీ". ఫ్రెండ్స్ అయినాక కూడా పిలుపు మారలేదు.

అట్లని సినిమా తీసిన వాళ్లు ఏమీ తెలీనోళ్లా అంటే కాదు, అదే ఈ సినిమాలో గొప్ప సంగతి. మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగం వినను డెయిజీ విందుకి పోతుంది, హోక్‌ని రమ్మని కారులో పోతా పోతా చివరి నిమిషంలో అంటుంది, ఆయన ఈసారి పిలవాలంటే ముందే పిలవండి అంటాడు. ఆమె లోపల కూచుని కింగ్ మాటలు వింటా ఉంటుంది, పక్కన కుర్చీ ఖాళీ, ఆయన బయట కారులో రేడియోలో అవే మాటలు వింటా ఉంటాడు. కౌగిలింతల సీన్లు పది తీసినా ఈ ఒక్క సీనుకి సరిపోవు. మీరు చూసేటప్పుడు ఇట్లాంటి సీన్లు వెతకండి, ప్రేమ ఉన్నా గోడ ఉందని సినిమా తనే ఒప్పుకునే చోట్లు. అవి ఉన్న సినిమాకి నేను ఖర్చు కాలమ్‌లో కొంచెం డిస్కౌంట్ ఇస్తా.

ఇదే ఆట 2011 సినిమా ద హెల్ప్‌కి కూడా ఆడొచ్చు. నల్లజాతి పనిమనుషుల కథ, కానీ దాన్ని పుస్తకంగా రాసేది ఒక తెల్ల అమ్మాయి. అందులో పనిమనిషిగా అద్భుతంగా చేసిన వయోలా డేవిస్ 2018లో, ఈ సినిమా చేసినందుకు నాకు బాధ ఉంది, చివరికి పనిమనుషుల గొంతు అందులో వినపడలేదు అనే అర్థంలో చెప్పింది. యాక్ట్ చేసిన మనిషే చెప్పినాక మనం కాగితం మీద ఏం గీస్తాం ఇంక.

బంగారం లాంటి మనిషి అయితేనేనా

ఇంకో ప్రశ్న. నల్లజాతి పాత్ర ఎంత మంచోడుగా ఉండాల్సి వచ్చిందో చూడండి. గెస్ హూస్ కమింగ్ టు డిన్నర్ 1967 డిసెంబరులో వచ్చింది, తెల్ల అమ్మాయి నల్లజాతి అబ్బాయిని పెళ్లి చేసుకుంటా అని ఇంటికి తీసుకొస్తే అమ్మానాన్నలు ఏమన్నారనేది కథ. అబ్బాయి ఎవురు? పాయిటియరే మళ్లీ, ప్రపంచమంతా పేరున్న డాక్టరు, అందగాడు, మాట మెత్తన, మీరు ఒప్పుకోకపోతే ఈ పెళ్లి చేసుకోను అని పిల్ల తండ్రికి చెప్పేంత పెద్దమనిషి. మన సంబంధాల బ్రోకర్ కూడా ఇంత మంచి ప్రొఫైల్ చూసుండడు. ఇట్లాంటి అల్లుడిని కాదంటే ఆ తండ్రిలో రంగు తప్ప వేరే కారణమే మిగలదు, అందుకే అట్లా రాసినాం అని సినిమావాళ్ల వాదన. సరే, మంచిదే, కానీ పంక్చర్లు వేసుకునే మామూలు అబ్బాయి అయ్యుంటే? వాడికి ప్రేమించే హక్కు లేదా?

అయితే ఆ కాలం కూడా చూడాల. హాలీవుడ్ వాళ్లు తమకి తాము పెట్టుకున్న ప్రొడక్షన్ కోడ్ ప్రకారం తెల్ల నల్ల మనుషుల మధ్య ప్రేమ చూపించడమే నిషేధం, ఆ రూలు 1956 దాకా ఉంది. ఈ సినిమా వచ్చిన ఏడాదే, 1967 జూన్ 12న, లవింగ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇట్లాంటి పెళ్లిళ్లు నేరం అనే చట్టాలు చెల్లవని కొట్టేసింది, అప్పటికి 16 రాష్ట్రాల్లో ఆ చట్టాలు ఉండాయి. కాబట్టి సినిమా వచ్చిన సంవత్సరం పక్కన అప్పటి చట్టం ఏందో ఒక లైను రాసుకోండి, లేకపోతే పాత సినిమాని ఇప్పటి కళ్లతో తిట్టడమే పనైపోతుంది. మనదీ అంతే, 1981లో సప్తపదిలో హరిజన అబ్బాయి మంచి వేణుగాన విద్వాంసుడు అయి ఉండాల్సి వచ్చింది, పెద్దాయన మనసు మారను అది సాయపడింది. ఆ రోజుల్లో ఆ మాత్రం తీయడమే తెగింపు, అయినా పాట రాని అబ్బాయి సంగతేంది అనే ప్రశ్న పోదు.

సుత్తి పట్టుకున్న హీరో

చివరి పరీక్ష. సినిమా ప్రకారం రేసిజం అనేది యాడుంది, ఒక చెడ్డ మనిషిలోనా, లేక ఊరంతా నడిచే ఏర్పాటులోనా? చెడ్డ మనిషిలో అయితే కథ ఈజీ, వాణ్ణి తంతే, లేకపోతే వాడు మారితే, శుభం కార్డు.

హిడెన్ ఫిగర్స్ 2016లో వచ్చింది, నాసాలో లెక్కలు వేసిన నల్లజాతి ఆడవాళ్ల కథ, మా గుంపులో ఆడపిల్లలకి అన్నిటికంటే నచ్చింది ఇదే, నాకూ నచ్చింది. అందులో కేథరిన్ జాన్సన్ తన రంగు వాళ్ల బాత్రూం కోసం అర మైలు పరిగెత్తాల్సి వస్తుంది, అది తెలిసి తెల్ల బాసు సుత్తి తీసుకుని ఆ బోర్డు పగలగొడతాడు, జనం ఈలలు. అట్లాంటిది జరగలేదు, ఆ బాసు పాత్రే కల్పితం. నిజం కేథరిన్ గారు బోర్డు లేని బాత్రూంకే పోయేవాళ్లంట, ఎవురో వచ్చి చెప్పినా పట్టించుకోకుండా అట్నే వాడుకున్నారు. చూడండి, నిజంలో ధైర్యం ఆమెది, సినిమాలో సుత్తి ఆయనది. ఇట్లాంటి దాన్ని వైట్ సేవియర్ అంటారు, అంటే బాధ వీళ్లది, చప్పట్లు ఇంకొకరికి. కనుక నిజ కథ ఆధారంగా అని మొదట్లో కార్డు పడితే, సుత్తి ఎవురి చేతిలో ఉందో చూసి, అది నిజంగా ఎవురి చేతిలో ఉన్నిందో ఒక తూరి వెతకండి.

ఏర్పాటు అంటే ఏందో అర్థం కావాలంటే ఆ సినిమాకి పేరిచ్చిన గ్రీన్ బుక్ అనే పుస్తకం గురించే ఆలోచించండి. విక్టర్ హ్యూగో గ్రీన్ అనే నల్లజాతి పోస్ట్‌మాన్ 1936లో న్యూయార్క్‌లో మొదలుపెట్టినాడు, నల్లవాళ్లకి రూము ఇచ్చే లాడ్జిలు, అన్నం పెట్టే హోటళ్లు, పెట్రోలు పోసే బంకులు యాడుండాయో అడ్రసుల జాబితా. 1964లో పౌర హక్కుల చట్టం వచ్చిన తర్వాత కూడా కొన్నేళ్లు అచ్చయింది. మనది యాత్రికుల ఊరు కాబట్టి ఊహించుకోవడం కష్టం కాదు: రాత్రి పదకొండుకి పిల్లలతో రేణిగుంటలో దిగి తిరుపతికొచ్చినారు, బస్టాండు చుట్టూ వంద లాడ్జిలు, అన్నిట్లో రూములుండాయి, కానీ మీ మొహం చూసి ఒక్కరూ ఇవ్వరు, మీ చేతిలో ఉన్న పుస్తకంలో రెండే పేర్లుండాయి, ఒకటి నిండిపోయింది. అక్కడ తిట్టేవాడు ఎవురూ లేడు, రిసెప్షన్లో పిల్లోడు మర్యాదగానే సారీ సార్ అంటాడు. ఆ మర్యాదని తీసి చూపించే సినిమా గట్టి సినిమా. గ్రీన్ బుక్ సినిమాలో మాత్రం ఆ పుస్తకం పెద్దగా కనపడదు, అదో వింత.

ఈ ముక్క మాట్లాడుకుంటా ఉంటే మా పలమనేరు పిల్లోడు, "అన్నా, తిరుపతిలో రూము కోసం తిరిగేటప్పుడు నన్ను నాలుగిళ్లల్లో మీరేమోళ్లు అని అడిగినారు" అన్నాడు. ఎవురూ మాట్లాడలేదు కాసేపు. ఆ నాలుగు వీధుల్లో ఒకటి మాదే.

మనల్ని తెర మీద పెట్టుకుంటే

హాలీవుడ్ సినిమా చూసి అయ్యో పాపం అనడం సులువు, మనం ఆ గొడవలో లేము కదా. అందుకే కనీసం రెండు సినిమాలు మనం ఉన్నవి చూడాల. మీరా నాయర్ తీసిన మిసిసిపీ మసాలా ఒకటి, 1991ది. 1972లో ఇదీ అమీన్ ఉగాండా నుంచి ఇండియా వాళ్లని 90 రోజుల్లో పొమ్మంటే పోయిన కుటుంబం ఒకటి అమెరికాలో మోటెల్లో బతుకుతా ఉంటుంది, ఆ ఇంటి పిల్ల తివాచీలు క్లీన్ చేసే నల్లజాతి అబ్బాయిని ప్రేమిస్తుంది, ఆ అబ్బాయి డెంజెల్ వాషింగ్టన్. మనమంతా రంగు ఉన్నోళ్లం, ఒకటిగా ఉండాల అని ఆ అబ్బాయితో మాటలు చెప్పిన మనోళ్లే, పిల్ల సంగతి తెలిసినాక ఎట్లా మారిపోయినారో చూస్తే మన పెద్దోళ్ల గొంతులు అచ్చు గుద్దినట్టు వినపడతాయి.

రెండోది మలయాళం, సుడానీ ఫ్రమ్ నైజీరియా, 2018. కేరళ మలప్పురంలో సెవెన్స్, అంటే జట్టుకి ఏడుగురు ఆడే ఫుట్‌బాల్ ఆడను వచ్చిన నైజీరియా ఆటగాడు కాలు విరిగి టీం మేనేజర్ ఇంట్లో పడి ఉంటాడు, ఆ ఇంటి ముసలమ్మలు సేవ చేస్తారు, భాష రాదు, ప్రేమ మాత్రం వస్తుంది. ఇక్కడ వంటగది బొమ్మ గీస్తే రెండూ వస్తాయి, ఆటగాడి ఊరు, వాళ్ల అవ్వ కూడా కథలో ఉండారు. అయితే పేరు చూడండి, ఆయనది నైజీరియా, ఊరంతా సుడానీ అంటారు.

ఇది చూసేటప్పుడు నేను కొంచెం ఇబ్బంది పడినా. మా కాలేజీ రోజుల్లో హాస్టల్లో ఆఫ్రికా నుంచి వచ్చిన ఒకతను ఉండేవాడు, అతని దేశం పేరు మాకెవురికీ సరిగ్గా నోరు తిరిగేది కాదు, ఆఫ్రికా అనే పిలిచినాం మూడేళ్లు. కపిలతీర్థం దగ్గరికి తీసుకుపోతే జనం మూగి సెల్ఫీలు అడిగేవాళ్లు, జుట్టు పట్టుకుని చూసేవాళ్లు. కొన్నాళ్లకి అతను సెల్ఫీకి పది రూపాయలు అని పెట్టినాడు, నవ్వుతానే, ఆ డబ్బుతో సాయంత్రం మా అందరికీ టీలు ఇప్పించేవాడు. మావోడు భలే జాలీ అని ఇరవై మందికి చెప్పుకున్నాం. ఖర్చు కాలమ్ గీయడం మొదలుపెట్టినాక ఒక రోజు అతని పేరు మీద కూడా ఒక పేజీ రాద్దామని కూచున్నా, ఎడమ పక్క నా పేరు కింద రాసేదానికి ఏమీ దొరకలే, టీ కూడా అతనిదే.

ఊపిరితో ఇంకో పని చేయొచ్చు. 2016లో నాగార్జున, కార్తీ చేసినది, 2011 ఫ్రెంచి సినిమా ద ఇన్‌టచబుల్స్‌కి రీమేక్ కదా. ఫ్రెంచిలో చక్రాల కుర్చీలో ఉండే ధనవంతుడికి సహాయకుడు సెనెగల్ నుంచి వచ్చిన నల్లజాతి అబ్బాయి, ఒమర్ సీ వేసినాడు. దాని వెనకున్న నిజమైన మనిషి అల్జీరియాలో పుట్టినాయన. అంటే నిజం నుంచి ఫ్రెంచికి వచ్చేసరికి రంగు ఒకసారి మారింది, ఫ్రెంచి నుంచి తెలుగుకి వచ్చేసరికి రంగు సంగతే లేకుండా పోయి డబ్బున్నోడు, డబ్బు లేనోడు అయ్యింది. రెండూ పక్కపక్క వారాల్లో వేసుకుని, రీమేకులో ఏం పోయింది, ఏం మిగిలింది, కార్తీ పాత్రకి మన ఊర్లో ఇంకేం పెట్టి ఉండొచ్చు అని మాట్లాడుకోండి, మాకు ఆ రాత్రి రెండున్నర దాకా తెగలేదు. చర్మం రంగు గురించి నేరుగా అంటే 2020లో వచ్చిన కలర్ ఫోటో కూడా ఉంది, మచిలీపట్నం కథ, దాన్ని దీని తర్వాత వేయండి.

మాట్లాడుకునేటప్పుడు, ఇంకా ఏది ముందు చూడాల

సినిమా అయిన వెంటనే మాటలు మొదలుపెట్టొద్దు, పది నిమిషాలు బొరుగులు తినండి, నీళ్లు తాగండి. తర్వాత తక్కువ మాట్లాడేవాళ్లని ముందు అడగండి, ఎక్కువ మాట్లాడేవాళ్లు (నేను) చివర్లో. ఎవురైనా వాళ్లింట్లో జరిగింది చెప్తే మధ్యలో సినిమా రిఫరెన్సు పెట్టి ఆపొద్దు, అది నేను చేసిన తప్పు, రెండు తూర్లు చేసినా. కులం గురించి మాట వస్తుంది, కచ్చితంగా వస్తుంది, రానివ్వండి, కానీ రేసిజం అంటే మన కులం లాంటిదే అని ఒక్క ముక్కలో తేల్చేయొద్దు, రెండిటి చరిత్ర వేరు, చట్టాలు వేరు, యాడ కలుస్తాయో యాడ కలవవో ఓపిగ్గా చూడాల.

వరస అడిగితే, నేనైతే జంటలుగా వేయమంటా. 1989వి రెండు: డ్రైవింగ్ మిస్ డెయిజీ ఒక శనివారం, నల్లజాతి డైరెక్టర్ స్పైక్ లీ తీసిన డూ ద రైట్ థింగ్ మరుసటి శనివారం. మొదటిదానికి బెస్ట్ పిక్చర్ ఆస్కార్ వచ్చింది, రెండోది ఆ నామినేషన్లలోనే లేదు. ఒకటి కారులో మెల్లగా పోతుంది, ఇంకోటి బ్రూక్లిన్‌లో మండే ఎండలో ఒక్క రోజు జరుగుతుంది, అందులో ఎవురూ ఎవుర్నీ క్షమించి కౌగిలించుకోరు, చూసినాక మా మిద్దె మీద నిజంగానే గొడవైంది. తర్వాత 2018వి రెండు: గ్రీన్ బుక్, బ్లాక్‌క్లాన్స్‌మన్. రెండోది మళ్లీ స్పైక్ లీదే, ఈసారి నామినేషన్ వచ్చినా బెస్ట్ పిక్చర్ మళ్లీ కారు సినిమాకే పోయింది, దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత కూడా. ఆ పైన పాయిటియర్‌వి, ఆ పైన మిసిసిపీ మసాలా, సుడానీ.

వచ్చే శనివారం మాది డిఫయంట్ ఒన్స్ మళ్లీ. ఈసారి పలమనేరు పిల్లోడు వేస్తా అన్నాడు, చివర్లో రైలు సీను దగ్గర పాజ్ కొట్టే హక్కు తనకే కావాలంట, రిమోట్ వాడికే ఇచ్చినాం.